జోమో సేర్‌కాంగ్ మీద ఎవరి కాలు

మా బావ ఉర్కెన్ ఒకే కొండను యాభై ఏళ్లుగా రెండు రకాలుగా ఎక్కుతూ వచ్చాడు. మా బసలో దిగే విదేశీయులకు చెప్పేటప్పుడు శిఖరం మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు. ఊళ్లోవాళ్లకు చెప్పేటప్పుడు శిఖరం ఇంకా అయిదు బారలు ఉందనగా ఆగి, చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. మొదటి కథ ఇంగ్లీషులో, రెండోది మా షెర్పా మాటలో. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు షెర్పా రాదు, షెర్పా మాట్లాడే ముసలివాళ్లకు ఇంగ్లీషు రాదు. అందువల్ల ఆ రెండు కథలూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా ఒకే ఇంట్లో హాయిగా కాపురం చేశాయి.

నా పేరు చుల్దిమ్. ఉర్కెన్ పెళ్లాం యాంగ్జి మా అక్క. థాంగ్‌మా ఊరి చివర బస మా ముగ్గురిదీ. దాని గోడ మీద 'జోమో సేర్‌కాంగ్ శిఖరాన్ని మొట్టమొదట మెట్టిన మనిషి ఇక్కడే ఉన్నాడు, వేడి టీ కూడా దొరుకును' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసింది నేనే. కాబట్టి ఈ పాపంలో నాకూ భాగం ఉంది.

జోమో అంటే మాకు అమ్మవారు. ఊళ్లో ఏ గుమ్మంలో నిలబడ్డా ఉత్తరాన ఆవిడే. దక్షిణపు గట్టు ఆవిడ జడ. కింద మంచునది దగ్గర మొదలై మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఏడువేల నాలుగువందల మీటర్ల దగ్గర భుజం. భుజం దాటితే మెడ, అది కత్తి అంచంత సన్నం. ఆపైన తల. తలకి అవతల టిబెట్ వైపు గోడ, రెండు కిలోమీటర్లు నిటారుగా కిందికి. మొత్తం ఎత్తు ఏడువేల ఎనిమిదివందల అరవై రెండు మీటర్లని మా సర్వేవాళ్లు అంటారు, కాదు ఏడు తక్కువని గోడకి అవతలివాళ్లు అంటారు. అమ్మవారి ఎత్తు కొలిచినవాడికి కళ్లుపోతాయని మా అక్క అంటుంది.

పందొమ్మిది వందల ముప్ఫై ఎనిమిదిలో ఇంగ్లీషువాళ్లు వచ్చి మూడు వారాల పాటు దుర్భిణీలోంచి చూసి, 'కుదరదు' అని రాసుకుని వెళ్లిపోయారు. అరవై ఒకటిలో జపానువాళ్లు భుజం దాకా ఎక్కి, గాలికి గుడారాలు పోగొట్టుకుని దిగొచ్చారు. అరవై ఎనిమిదిలో ఇటలీవాళ్లు. వాళ్లలో ఇద్దరు మెడ దగ్గర నుంచి తిరిగి రాలేదు. వాళ్ల పేర్లు చెక్కిన రాళ్లు పై పచ్చికలో ఉన్నాయి. డెబ్భై నాలుగులో ఆస్ట్రియావాళ్లు వచ్చారు. ఓటో సాబ్ నాయకుడు. వాళ్ల వెంట మా బావ వెళ్లాడు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు, పెళ్లయి నాలుగు నెలలు.

వెళ్లేముందు గోంపాలో, అంటే మా ఊరి బౌద్ధ మఠంలో, పూజ జరిగింది. సాంగే లామా గారు అప్పట్లో ముప్ఫై ఎనిమిదేళ్ల వారు. మా బావ తల మీద చెయ్యి పెట్టి, "అమ్మ నెత్తిన కాలు పెట్టనని ఒట్టెయ్యి" అన్నారు. బావ ఒట్టేశాడు. తిరిగొచ్చాక "పెట్టలేదండీ" అన్నాడు. ఆ ఏడు బంగాళాదుంపలు రెండు పిడికిళ్లంతేసి కాశాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషని ఊరంతా కలిసి గోంపా తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. గోడ మీది నా రాత చదవగలిగిన వాళ్లు ఊళ్లో కొందరు లేకపోలేదు. అది వ్యాపారం కోసం చెప్పే అబద్ధంలెమ్మని మన్నించారు.

నిరుడు వానలు వెనకబట్టాక ఓటో సాబ్ కూతురు బిర్గిట్ వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి. తమ ఊళ్లో పిల్లలకు భూగోళం చెబుతుంది. చేతిలో నడక కర్ర, మెళ్లో కళ్లజోడు, సంచిలో తండ్రి డైరీ. ఓటో సాబ్ రెండేళ్ల కింద పోయారని చెప్పింది. మా బావ లోపలికి వెళ్లి నేతిదీపం వెలిగించి వచ్చాడు.

ఆవిడ వచ్చిన పని ఏమిటంటే, వాళ్ల పర్వతారోహణ సంఘం యాభై ఏళ్ల పుస్తకం వేస్తోంది. కాని సంఘం రికార్డులో ఓటో సాబ్ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం ఉంది. కారణం ఒక ఫోటో. అందులో మా బావ మంచుగొడ్డలి పైకెత్తి నవ్వుతున్నాడు. ఆయన వెనక, ఆయన తలకన్నా ఎత్తుగా, ఒక తెల్లటి మూపురం కనిపిస్తోంది. 'శిఖరం మీద ఉన్నవాడి వెనక ఇంకా ఎత్తైన చోటు ఎలా ఉంటుంది?' అని ఆ సంఘంలోనే ఒక పెద్దమనిషి యాభై ఏళ్లుగా అడుగుతున్నాడట. "చావుకి ముందు మా నాన్న దాన్ని గురించే మాట్లాడాడు. ఆ ప్రశ్నార్థకం తీసేయించాలి" అందావిడ.

"అదెంత పని, రేపు పొద్దున టీ తాగుతూ చెప్పేస్తాను" అన్నాడు బావ, ఇంగ్లీషు కథ నాలుక చివరే ఉంది కనుక.

మర్నాడు పొద్దున నేను జడలబర్రెల్ని విడిచి వచ్చేసరికి, గోంపా దారిలో బిర్గిట్ దిగి వస్తోంది. ఆవిడ వెనక పొట్టి గుర్రం మీద సాంగే లామా గారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, చలి మొదలైతే గుమ్మం దాటరు. ఆరోజు మాత్రం ఎర్ర కోటు వేసుకుని మరీ వస్తున్నారు. ఆవిడ దూరం నుంచే చేతిలో ఫోటో ఊపుతూ సంగతి అరిచి చెప్పింది. నేను వంటింట్లోకి పరుగెత్తాను.

"బావా, కొంప మునిగింది. లామా గారిని తీసుకొస్తోంది ఆవిడ."

"ఎందుకురా?"

"డెబ్భై నాలుగు పూజ ఫోటోలో ఆయన కూడా ఉన్నారట. నీ కథ ఇద్దరూ కలిసి వింటారట."

"ఏ కథ?"

"నేనూ అదే అడుగుతున్నాను. ఏ కథ?"

పొయ్యి దగ్గర మా అక్క దుంపలు ఉడకేస్తోంది. "ఏమిటి గుసగుసలు? దాందేముంది, జరిగింది చెప్పు" అంది.

"నువ్వూరుకోవే" అన్నాడు బావ. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే చుల్దిమ్, నేను ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడతాను. లామా గారికి నువ్వు చెప్పు. అంతా నీ నోట్లోనే ఉంది."

అలా నేను దుబాసీనయ్యాను.

లామా గారు కిటికీ పక్క పెద్ద ఆసనం మీద కూర్చున్నారు. బిర్గిట్ ఎదురుగా పెన్నూ కాగితాలూ సర్దుకుంది. మా అక్క అందరికీ ఉప్పు టీ పోసింది. మొదటి ప్రశ్న సూటిగా వచ్చింది.

"ఉర్కెన్ గారూ, మీరూ మా నాన్నా సరిగ్గా శిఖరం మీదే నిలబడ్డారా?"

"ఎస్ మేడమ్. టాప్. టూ ఫుట్, టాప్" అన్నాడు బావ, లామా గారి వైపు భక్తిగా చూస్తూ.

"ఏమంటోందిరా అమ్మాయి?" అన్నారు లామా గారు.

"మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోందండీ."

"మరి నన్నడక్కుండా ఉర్కెన్‌ని అడుగుతుందేం?"

"మర్యాదండీ. పెద్దవాళ్లని సూటిగా అడక్కూడదని వాళ్ల ఆచారం."

"మంచి పిల్ల. మోకాళ్లు నొప్పులని చెప్పు."

బిర్గిట్ నా వైపు తిరిగింది. "మా నాన్న డైరీలో 'లామా మా దగ్గర ఒక మాట తీసుకున్నాడు' అని ఉంది. ఆ మాటేమిటో అడుగుతారా?"

నేను లామా గారితో, "మోకాళ్ల నొప్పులు తగ్గాలని మీ దేవుణ్ని మీరే ప్రార్థించండి అంటోందండీ, వింటుందట" అన్నాను. లామా గారు కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. ఆయన మంత్రం మొదలుపెడితే మధ్యలో ఆపరు. బిర్గిట్ కాగితం మీద పెన్ను పెట్టుకుని పావుగంట కూర్చుంది. అంతా అయ్యాక, "ఏమన్నారు?" అంది.

"క్షేమంగా తిరిగి రమ్మని మాట తీసుకున్నారట."

"ఇంతసేపూ అదేనా?"

"చాలా క్షేమంగా రమ్మన్నారు మేడమ్."

బావ నా మోకాలు నొక్కాడు. ఈ గండం గడిచినట్టే అనుకున్నాం. మా అక్క సరిగ్గా అప్పుడే ఉడికిన దుంపల గంప తెచ్చి బల్ల మీద పెట్టింది, పక్కన ఉప్పూ, ఎండుమిరపకాయలూ.

బడిపంతులు చేతికి దుంపలు దొరికితే ఏం చేస్తుంది? బిర్గిట్ పళ్లెం ముందుకు లాక్కుని జోమోని కట్టడం మొదలుపెట్టింది. పొడవాటి దుంపలు మూడు వంకరగా పేర్చి దక్షిణపు గట్టు చేసింది. చప్పట దుంపతో భుజం. సన్నటిది నిలబెట్టి మెడ. అన్నిటికన్నా పెద్ద దుంప పైన పెట్టి, మీద ఉప్పు చల్లింది. బాగానే కట్టింది, మా లోయలో పుట్టినవాడెవడైనా ఇట్టే గుర్తుపడతాడు.

లామా గారి మొహం వికసించింది. "అరె, అమ్మవారు!" అన్నారు. వేలు పెట్టి, "ఇదిగో భుజం. ఇక్కడేగా జపానువాళ్ల గుడారాలు ఎగిరిపోయింది" అన్నారు.

బిర్గిట్ ఒక మిరపకాయ తీసి, "ఓటో" అంది. దాన్ని పెద్ద దుంప నెత్తిన పెట్టింది. ఇంకోటి తీసింది. "ఉర్కెన్" అంది. దాన్నీ పక్కనే పెట్టింది.

ఆ రెండు ముక్కలకు దుబాసీ అక్కర్లేదు.

లామా గారు వంగి, దుంప మీది మిరపకాయలను చాలాసేపు చూశారు. తర్వాత మా బావను చూశారు. "ఒరే ఉర్కెనూ, ఆ రెండో మిరపకాయ అక్కడేం చేస్తోందిరా?"

బావ చప్పున చెయ్యి చాపి ఆ మిరపకాయను తీసి అయిదు వేళ్ల కింద, మెడ మీద పెట్టాడు. లామా గారు తల ఊపారు. కాని బిర్గిట్ పెన్ను ఆగిపోయింది. "అదేమిటి? అయితే మీరు పైన లేరా? టూ ఫుట్ అన్నారుగా?"

బావ మిరపకాయను మళ్లీ పైన పెట్టాడు. "ఒరేయ్!" అన్నారు లామా గారు. బావ మళ్లీ కింద పెట్టాడు. పెట్టీ తీసీ నలిగిన మిరపకాయలోంచి గింజలు రాలుతున్నాయి.

మా అక్క గరిటె పొయ్యి అంచుకేసి ఠంగుమని కొట్టింది. "ఆ మిరపకాయని ఎక్కడో ఒకచోట పెట్టవయ్యా! చూస్తుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయి."

లామా గారు మెల్లగా చెయ్యి చాపి, ఓటో సాబ్ మిరపకాయను పక్కన పెట్టి, శిఖరం దుంపను పైకి తీశారు. తొక్క వలిచారు. ఉప్పు అప్పటికే ఉంది కనుక మళ్లీ అద్దుకోలేదు. మూడు ముద్దల్లో తినేసి, చేతులు దులుపుకున్నారు.

"ఇంక శిఖరం లేదు. దేనికీ భయపడక్కర్లేదు. ఇప్పుడు చెప్పు" అన్నారు.

మా బావ తల దించుకున్నాడు. డెబ్భై రెండేళ్ల మనిషి, ఎలుగుబంటి ఎదురొచ్చినా తప్పుకోని మనిషి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కాలు పెట్టలేదండీ. అమ్మతోడు, కాలు మాత్రం పెట్టలేదు. అంతకన్నా ఘోరం చేశాను."

"ఏం చేశావురా?"

"కూర్చున్నానండీ."

"ఏమన్నాడు?" అని బిర్గిట్ నా చొక్కా లాగింది. ఆ పొద్దుటి నుంచి మొట్టమొదటిసారి నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ తర్వాత బావ చెబుతున్నంతసేపూ ఇటు ఒక ముక్క అటు ఒక ముక్క దాచకుండా చెబుతూ పోయాను.

జరిగింది ఇది. శిఖరం అయిదు బారలు ఉందనగా బావ ఆగాడు. ఒట్టు సంగతి ఓటో సాబ్‌కి ముందే చెప్పాడు. ఆయన నవ్వి, ఆ ఫోటో తీసి, "నా కాళ్లకు ఒట్టు లేదు, నేను పోయొస్తాను" అని తాడు కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే పైకి నడిచాడు. పొగమంచు. గాలికి శిఖరం అవతలికి మంచు చూరులా పొడుచుకొచ్చి ఉంది. చూరు కింద ఏమీ లేదు, టిబెట్ తప్ప. ఏది తల, ఏది చూరు అని తెలియక సాబ్ రెండడుగులు పక్కగా వేశాడు. చూరు విరిగింది. మనిషి అవతలికి మాయమయ్యాడు.

"తాడు నా నడుముని పట్టి లాగిందండీ. నేను వెల్లకిలా పడ్డాను. గొడ్డలి జారిపోయింది. ఆ అయిదు బారలూ నేను ఎక్కలేదండీ, వెనక్కి ఈడ్చుకుపోయింది తాడు. ముడ్డి మీద ఈడ్చుకుపోయింది. మడమలు మంచులో దిగేసి బిగబట్టి, బిగబట్టి, ఎక్కడో ఆగాను. కింద చూస్తే..." బావ తన కాళ్ల వైపు చూపించాడు. "కాళ్లు ఇటు కిందే ఉన్నాయి. నేను మాత్రం సరిగ్గా అమ్మ నెత్తిన, పీట మీద పెళ్లికొడుకులా కూర్చుని ఉన్నాను."

"ఆ పంట్లాం!" అంది మా అక్క హఠాత్తుగా. "వెనకంతా అట్టలా చిరిగిపోయి వచ్చింది. ఏమిటయ్యా ఇది అంటే, బర్రె కుమ్మిందన్నావు. ఆ బర్రెను నేను నెలరోజులు తిట్టాను!"

"లేచి పోవచ్చుగా?" అన్నారు లామా గారు.

"ఎలా లేవనండీ? అవతల ఎనభై కిలోల సాబ్ వేలాడుతున్నాడు. నేను లేస్తే ఇద్దరం పోతాం. అరగంట కూర్చున్నాను. అమ్మా క్షమించు, అమ్మా క్షమించు, ఈ సాబ్ పైకి రాగానే లేస్తాను తల్లీ అంటూ. కింద నుంచి ఆయన ఒకటే అరుపు, గిట్టీ, గిట్టీ అని. 'లాగు' అని వాళ్ల భాషలో అంటున్నాడనుకున్నాను. ఆయన గిట్టీ అన్నప్పుడల్లా ఒక జానెడు లాగాను. అలా అనుకుంటూ అనుకుంటూనే ఆయన చూరు అంచుకి చెయ్యేశాడు."

నేను తర్జుమా చేసి తల తిప్పి చూస్తే బిర్గిట్ కళ్లజోడు తీసేసి ఉంది. "గిట్టీ అంటే లాగడం కాదు" అంది మెల్లగా. "అది నేను. చిన్నప్పుడు ఇంట్లో నన్ను అలా పిలిచేవాళ్లు. అప్పటికి నాకు రెండేళ్లు."

నేను ఆ మాట షెర్పాలో చెప్పేసరికి మా అక్క కొంగుతో మూతి కప్పుకుంది. ఎందుకంటే యాభై ఏళ్లుగా మా లోయలో మొండికేసిన జడలబర్రెను తాడు పట్టి గుంజే ప్రతివాడూ అరిచే మాట అదే. బావ నేర్పాడు, అందరూ పట్టుకున్నారు. ఆ సమయానికే పెరట్లో మా పక్కింటి ఖండూ బర్రెను గుంజుతూ, "గిట్టీ! ఓసి నీ మొహం మండ, గిట్టీ!" అని అరుస్తున్నాడు. బిర్గిట్ ఉలిక్కిపడి కిటికీ వైపు చూసింది. నేను విషయం చెప్పక తప్పలేదు. ఆవిడ ముందు నవ్విందో ముందు ఏడ్చిందో నేను చెప్పలేను. రెండూ కలిసే వచ్చాయి. మా అక్క వెళ్లి పక్కన కూర్చుని, వీపు నిమిరింది.

కాస్త తేరుకున్నాక ఆవిడ మళ్లీ పెన్ను తీసుకుంది. భూగోళం పంతులమ్మ కదా. "అయితే ఒకటి చెప్పండి. మా నాన్న శిఖరం మీద అడుగు పెట్టాడా, లేదా?"

బావ ఆలోచించాడు. "అడుగు పెట్టలేదమ్మా. చూరు విరిగింది పక్కన. పైకి వచ్చేటప్పుడు శిఖరం మీద నేనున్నాను. ఆయన నా భుజం పట్టుకుని, నా ఒళ్లోకి పాకి, బోర్లా పడి కాసేపు రొప్పి, అటు నుంచి ఇటు దొర్లి కిందికి జారాడు. శిఖరం మీద నేను, నా మీద ఆయన."

బిర్గిట్ రాసుకుంది. కొట్టేసింది. మళ్లీ రాసుకుంది. "అంటే మా నాన్న శిఖరం కన్నా ఒక ఒడి ఎత్తు పైకి వెళ్లాడు."

"అంతేనమ్మా. కాని శిఖరాన్ని తాకలేదు."

"మరి ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"కిందికి దిగాక ఇద్దరం చేతిలో చెయ్యేసుకున్నాం. చూరు మీద కాలేశానని తెలిస్తే తన పరువు పోతుందన్నాడు సాబ్, నాయకుడు కదా. అమ్మ నెత్తిన కూర్చున్నానని తెలిస్తే నన్ను ఊళ్లో బతకనివ్వరన్నాను నేను. నువ్వు నా పడడం చెప్పకు, నేను నీ కూర్చోవడం చెప్పను అనుకున్నాం. పెద్దమనిషి, మాట తప్పలేదు. నేనే ఈవేళ..." అంటూ లామా గారి వైపు తిరిగి, నేల మీద సాగిలపడ్డాడు. నడుముకున్న గోంపా తాళంచెవి విప్పి ఆయన పాదాల దగ్గర పెట్టాడు.

లామా గారి భుజాలు కదులుతున్నాయి. కోపంతో వణుకుతున్నారేమో అనుకుని నేనూ ఒక మోకాలు వంచాను. కాని ఆయన నవ్వుతున్నారు. చప్పుడు లేకుండా, కళ్లు మూసుకుని, ఉన్న మూడు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నారు. మా అక్క మంచినీళ్లు అందిస్తే తాగలేకపోయారు.

"లేవరా వెధవా" అన్నారు చివరికి. "నెత్తిన కాలు పెట్టేది పొగరుబోతు. నెత్తికెక్కి కూర్చునేది పసివాడు. ఊళ్లో ఏ తల్లి నెత్తిన పిల్లలు ఎక్కలేదు? పైగా ఊరికే కూర్చున్నావా, ఒక మనిషి ప్రాణం పట్టుకుని కూర్చున్నావు. అమ్మకు బరువనిపించి ఉండదు."

"అయితే తప్పు లేదా అండీ?"

"కూర్చున్నందుకు లేదు. యాభై ఏళ్లు నా దగ్గర దాచినందుకు ఉంది. నేను పోయేలోగా ఇంత నవ్వుకునే మాట నీ దగ్గర ఉంచుకుని చెప్పకపోవడం తప్పు కాదా? శిక్ష వేస్తాను. ఏది కూర్చుందో అదే అనుభవించాలి. వచ్చే ఉపవాస పూజ మూడు రోజులూ గోంపాలో తివాచీ లేకుండా, ఉత్త రాతి మీద కూర్చో." తాళంచెవి కాలి వేలితో బావ వైపు నెట్టారు. "ఇది తీసుకో. మోకాళ్ల నొప్పులతో నేను తెరవలేను." తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు కూడా వాడి పక్కన కూర్చో. నా ఆరోగ్యం గురించి అడిగిన దుబాసీవి కదూ."

అలా నాకూ పడింది.

మర్నాడు బిర్గిట్, బావ, మా అక్క ముగ్గురూ పై పచ్చికకు వెళ్లారు. అక్కడి నుంచి జోమో తల దగ్గరగా కనిపిస్తుంది. బావ వేలు పెట్టి ఎక్కడ ఆగాడో, ఎక్కడి నుంచి ఈడ్చుకుపోయాడో చూపించాడట. ఆవిడ దుర్భిణీలోంచి చాలాసేపు చూసి, తండ్రి డైరీలోంచి ఒక కాగితం చింపి, ఇటలీవాళ్ల రాళ్ల పక్కన చిన్న రాయి కింద పెట్టి వచ్చింది. ఏం కాగితమని అక్క అడగలేదు.

ఉపవాస పూజలో మూడు రోజులు మేమిద్దరం రాతి మీద కూర్చున్నాం. కార్తీకపు చలి. రెండో రోజుకి నాకు నడుము కింద ఏముందో తెలియలేదు. బావ మాత్రం మొదటి రోజు నుంచి చివరిదాకా నిటారుగా, మొహంలో ఏదో వెలుగుతో కూర్చున్నాడు. "నీకు చలెయ్యట్లేదా?" అన్నాను. "ఆ అరగంటతో పోలిస్తే ఇది మెత్తటి పరుపురా" అన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం పది రోజులు నిలబడే అన్నం తిన్నాడు. మా అక్క ఆ పది రోజులూ ఆయన్ను 'పెళ్లికొడుకా' అనే పిలిచింది. ఇన్నేళ్లు దాచినందుకు ఆవిడ శిక్ష ఆవిడది.

చలికాలం చివర బిర్గిట్ దగ్గర నుంచి పుస్తకం వచ్చింది, ఉత్తరంతో సహా. సంఘంలో నాలుగు గంటలు వాదన జరిగిందట. ఫోటో చూసి యాభై ఏళ్లు సణిగిన పెద్దమనిషి తొంభై ఏళ్ల వయసులో లేచి నిలబడి, 'నేను చెప్పలేదా!' అని అందరితో కరచాలనం చేశాడట. చివరికి ఇలా తేల్చారు. జోమో సేర్‌కాంగ్‌ను మొదట చేరినవాడు థాంగ్‌మా ఊరి ఉర్కెన్, ఒక్కడే, కూర్చుని. ఓటో సాబ్ పేరు పక్కన ప్రశ్నార్థకం తీసేసి, 'శిఖరానికి పైన, దాన్ని తాకకుండా' అని రాశారు. కూతురే పట్టుబట్టి రాయించిందట. మా నాన్న బతికుంటే దీనికి ఒప్పుకునేవాడు కాదు, కాని హాయిగా నిద్రపోయేవాడు అని ఉత్తరంలో ఉంది.

ఈ వసంతంలో స్పెయిన్ నుంచి ఆరుగురు జోమో ఎక్కడానికి వచ్చారు. పూజకి గోంపాలో కూర్చోబెట్టాం. లామా గారి ఒట్టు ఇప్పుడు పెద్దదైంది. అమ్మ నెత్తిన కాలు పెట్టను, మోకాలు పెట్టను, కూర్చోను, తప్పనిసరై కూర్చుంటే దిగిన రోజే వచ్చి చెబుతాను అని. నేను తర్జుమా చేశాను, ఈసారి అక్షరం వదలకుండా. వాళ్లలో గడ్డం ఉన్నతను చెయ్యెత్తి, "పడుకోవచ్చా?" అని అడిగాడు. లామా గారు చాలాసేపు ఆలోచించి, "అలసిపోతే పడుకోమను. కాని గురక పెట్టొద్దను" అన్నారు.

వాళ్లు భుజం దాకా ఎక్కారు. అక్కడ గాలి పట్టుకుంది. తొమ్మిదో రోజున పెదాలు పగిలి, ఆరుగురూ క్షేమంగా దిగొచ్చి, మా వంటింట్లో రెండు రోజులు దుంపలు తిన్నారు. మా బావ వాళ్లకు జోమో కథ చెప్పాడు. ఇప్పుడు ఒకటే కథ. ఇంగ్లీషులో చెబుతుంటే మధ్యలో షెర్పాలో మా అక్క అందుకుని, పంట్లాం సంగతి వివరంగా చెబుతుంది. ఆ భాగం తర్జుమా చెయ్యమని ఆవిడే నన్ను పోరుతుంది.